ఎద్దుమూపు మీద తడి గోనె

నమోదు 1. ఉదయం 8:25

సొరంగవాసులందరికీ తెలియజేయడమేమనగా, మనం సొరంగంలోకి వచ్చిన నలభై ఒకటో ఏడు, ఫాల్గుణ మాసం పదకొండో రోజు, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు, తలుపు దాటాక మొదటి మలుపు దగ్గర, యెన్ని దాలినాయుడు గారి కుడికాలి చెప్పు ఉంగటం తెగిపోయినది. బొటనవేలు క్షేమంగా ఉన్నది. చెప్పు వయసు తొమ్మిదేళ్ళు. దానికి ఎడమకాలి చెప్పు తప్ప నా అన్నవాళ్ళు లేరు. ఒక నిమిషం మౌనం పాటించి, తర్వాత తాడు కట్టుకున్నాను. కట్టడానికి నలభై నిమిషాలు పట్టింది. అందుకే ఆలస్యం. వేరే కారణం ఏమీ లేదు.

విన్నది రాసుకునే పెట్టె నా భుజానికి వేలాడుతూ ఇదంతా వింటోంది. నేను చదివింది ఐదో తరగతి. మేష్టారి గొడుగులో తొండని పెట్టి మడిచాను. ఆయన ఆ గొడుగు సరిగ్గా బడికి పెద్దలు వచ్చిన రోజునే విప్పారు. ఆ తర్వాత నాకూ బడికీ పొసగలేదు. అయినా పెట్టె పుణ్యమా అని పండితుడిలా రాస్తున్నాను. నేను 'ఎల్తన్నాను' అంటే అది 'వెళుతున్నాను' అని దిద్దుకుంటుంది. ఇద్దరు మాట్లాడుకుంటే మాత్రం ముట్టుకోదు. అది సాక్ష్యం కదా, ఉన్నదున్నట్టు ఉంచుతుంది.

ఎనిమిది గంటలకి కొండమీద వేడి కొలిచే కంబం ముప్పై ఒకటి చూపించింది. ముప్పై నాలుగు దాటకపోతే బయటి రోజు. ఎనిమిదీ పదికి తలుపు తీశారు. వంతు వచ్చిన ఇరవై ముగ్గురు తెల్లగొడుగులు వేసుకుని ఏటివైపు బయల్దేరారు. మా ఆవిడ పారమ్మ కూడా ఉంది. ఆమె గొడుగుకి నా పాత ఎర్రచొక్కా ముక్క అతుకు వేసి ఉంటుంది కాబట్టి ఎంత దూరం నుంచైనా తెలిసిపోతుంది. నేనేమీ పనిగట్టుకుని చూడలేదు. చెప్పు కట్టుకుంటుంటే కంటి పక్కనుంచి అలా పడింది, అంతే.

చేతి కడియం ముప్పై అయిదున్నర అంటోంది. ఫాల్గుణంలో, ఇంత పొద్దున్నే ఇదేమిటని పెట్టెని అడిగాను. "ప్రశ్న నమోదైనది" అంది. మంచి స్నేహితురాలు.

నమోదు 2. ఉదయం 8:41

నెలకోసారి ఎవరో ఒకరు ఎద్దుమూపు కొండ ఎక్కాలి. కంబం అద్దం మీద దుమ్ము తుడవాలి, ఫోను తీగ చూడాలి, దారిలో చూసిందంతా పెట్టెకి చెప్పాలి. పదకొండేళ్ళుగా ఆ ఎవరో ఒకరు నేనే. కొండ ఎక్కే అనుమతి చీటీ ఉన్నవాడిని నేనొక్కడినే. తక్కినవాళ్ళకి ఎండంటే భయం, ఒంటరితనమంటే ఇంకా భయం. నాకు మాత్రం నెలంతా సొరంగంలో ఈ ఒక్క పూట కోసమే గాలి పీలుస్తున్నట్టుంటుంది. లోపల ఎంత దూరం నడిచినా మళ్ళీ అదే గోడ. ఇక్కడ అడుగడుక్కీ ఆకాశం మారుతుంది.

నీళ్ళు నిండుగా ఉన్నాయి. మోకాళ్ళు బంగారం. ఎక్కడా ఆగలేదు. జీడితోట దాటుతుండగా ఒక కొండముచ్చు చెట్టు దిగి వచ్చి నాకు రెండు చేతులా నమస్కారం పెట్టింది. నేనూ పెట్టాను. పెద్దవాళ్ళని గౌరవించాలి.

కడియం ముప్పై ఏడున్నర.

ఇప్పచెట్టు కింద పువ్వు లేదు. ఈ రోజుల్లో తెల్లారేసరికి రాలి, నేల మెత్తగా, తియ్యగా ఉండాలి. తలెత్తి చూస్తే పువ్వు కొమ్మనే ఎండి, బెల్లం రంగుకి తిరిగి వేలాడుతోంది. రాలే తీరిక కూడా దొరకలేదు దానికి. రాతి నీడలో రెండు గువ్వలు ముక్కులు తెరుచుకుని కూర్చున్నాయి. నేను పక్కనుంచి వెళ్ళినా ఎగరలేదు.

ఎప్పుడూ ఈ వేళకి కుడి చెంపకి సముద్రం వైపు గాలి తగులుతుంది. ఇవాళ తగల్లేదు.

నమోదు 3. ఉదయం 8:57

తిరిగి వెళ్ళాక నచ్చని నమోదుల్ని చెరిపేసే హక్కు నడిచినవాడికి ఉంది. కాబట్టి ఇది చెరిపేసేదే అనుకుని చెబుతున్నాను.

కంబం ముప్పై ఒకటి చూపించడానికి కారణం నేను. కిందటి నడకలో దాని మెడకి తడి గోనె చుట్టాను. పక్కనే రాతి సందులోంచి ఊట ఉంది, వెదురుబద్ద చీల్చి ఆ నీటిచుక్కలు గోనె మీద పడేలా పెట్టాను. రాత్రీ పగలూ తడిగానే ఉంటుంది. కంబానికి నాలుగైదు డిగ్రీల చల్లదనం తగిలింది. చలికాలమంతా ముప్పై నాలుగున్నర, ముప్పై అయిదు అంటూ తలుపు తీయనివ్వని కంబం, గోనె చుట్టాక ఇరవై ఎనిమిది రోజుల్లో తలుపు వంతు పడిన మూడుసార్లూ బయటి రోజు ఇచ్చింది. ఇవాళ్టిది మూడోది.

సరదాకి కట్టాను. తలుపు దగ్గర ఉండేవాడు మా బావమరిది తవిటినాయుడు. బయటి రోజు అనగానే వాడు పుస్తకం పట్టుకుని, గొడుగులు లెక్కపెడుతూ, తప్పిపోతూ, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడుతూ పరిగెత్తుతాడు. అది చూడ్డానికే కట్టాను. బావనన్నాక ఆమాత్రం చేయకపోతే ఎలా.

ఎవరికీ ఏమీ కాలేదు. ముప్పై అయిదులో గొడుగు వేసుకుని నాలుగు గంటలు తిరిగితే ఎవరూ పోరు, ఆ హద్దు పెట్టిన పెద్దలు మరీ పిరికివాళ్ళు. రేపు పై సొరంగం నుంచి కంబాన్ని చూడ్డానికి తనిఖీ వాళ్ళు వస్తున్నారు. ఇవాళ వెళ్ళి గోనె విప్పేసి చంకలో పెట్టుకుని దిగిపోదామని నా ఆలోచన.

కానీ ఇప్పుడే చివరి మెలిక తిరిగాను. పడమర నుంచి గాలి కొట్టింది. పొయ్యి మూత తీసినట్టు. కడియం చూస్తుండగానే ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, ముప్పై తొమ్మిదిన్నర. అది వడగాలి. వైశాఖంలో రావలసింది, దారి తప్పి ఇక్కడికి వచ్చింది.

కిందికి చూశాను. లోయలో తెల్లచుక్కల బారు. మధ్యలో ఎర్రచుక్క. బయల్దేరి నలభై నిమిషాలు దాటింది. ఇంకో అరగంటకి, ఏటికి సగం దారిలో ఉండే సగం రాయి చేరతారు.

సొరంగం నోటి దగ్గర పాత రైలింజను ఉంది. దాని కూత వినిపిస్తే ఎక్కడున్నా వెనక్కి తిరగాలని అందరికీ తెలుసు. కానీ సగం రాయి దాటాక దారి గట్టు వెనక్కి దిగిపోతుంది. అక్కడికి కూత వినబడదు. ఆ తర్వాత ఏరు. ఏట్లో నీళ్ళు ఉండవు, ఇసక ఉంటుంది. చెట్టు ఉండదు.

నేను పరిగెత్తుతున్నాను. పెట్టె నా ఒగర్పుని కూడా రాస్తోందేమో తెలియదు.

నమోదు 4. ఉదయం 9:09

కంబం దగ్గరికి వచ్చాను. గోనె విప్పి పారేశాను. లోపలి సూది నా కళ్ళముందే కదిలింది. ముప్పై రెండు, ముప్పై ఆరు, నలభై. నలభై ఒకటి.

సూది కదిలింది కానీ కబురు వెళ్ళదు. కంబం రోజుకి మూడుసార్లే సొరంగానికి లెక్క చెబుతుంది. ఎనిమిదికి, పన్నెండుకి, నాలుగుకి. తొమ్మిదీ తొమ్మిదికి కొండ తగలబడినా అది పన్నెండుకే చెబుతుంది. నలభై ఏళ్ళ కిందటి మర. దానికి తొందర తెలియదు.

నేను భయపడటం లేదు. ఫోను ఉంది.

నమోదు 5. ఉదయం 9:13

మాట్లాడింది పెట్టె ఉన్నదున్నట్టు ఉంచింది:

"ఎవురది?"

"నానేరా, దాలినాయుడిని. బేగి కూత ఎయ్యి. అందర్నీ ఎనక్కి పిలు."

"ఓహో, బావా! ఎక్కేసినావేటి అప్పుడే? ఈపాలి ఏటి కనిపించినాది? మంచు పడతందా? పులొచ్చి తలుపు తియ్యమంతందా?"

"ఆటకి కాదొరే. ఇక్కడ నలభై ఒకటున్నాది. వడగాలి లేచినాది."

"ఫాల్గునంలో వడగాలి! కంబం ముప్పై ఒకటంతంది మరి."

"కంబం తప్పు."

"కంబం తప్పు, మా బావ ఒప్పు. ఉండు, పుస్తకంలో రాసుకుంతాను."

"మీ అక్క బయటున్నాదిరా!"

"ఆ ముక్కే నానంతన్నాను. మా అక్క ఏడు నెలల తరవాత ఎండ మొకం సూసినాది. పాపం, అదీ ఓర్సుకోనేవా? దాన్ని సగం దారి నుంచి ఎనక్కి లాగి నవ్వుకుందారనా? సిగ్గునేదు బావా నీకు."

పెట్టేశాడు.

వాణ్ణి అని లాభం లేదు. మూడేళ్ళ కిందట ఇదే ఫోనులో మంచు పడుతోందని చెప్పాను. వాడు ముగ్గురు ముసలివాళ్ళని మంచు చూపిస్తానని దుప్పట్లు కప్పి తలుపు దాకా తీసుకొచ్చాడు. ఆ మరుసటి ఏడు పులి కథ. పులి దగ్గర చీటీ ఉంది, లోపలికి రానివ్వమంటోంది, ఏం చేయమంటావు అని అడిగాను. వాడు పెద్దల్ని అడిగి చెబుతానన్నాడు.

నమోదు 6. ఉదయం 9:18

మళ్ళీ చేశాను. ఈసారి మర్యాదగా మాట్లాడితే నమ్ముతాడనుకున్నాను.

"తవిటినాయుడు గారూ, నమస్కారమండి. తమరు దయచేసి నా మాట..."

అవతల పగలబడి నవ్వు.

"ఒరే, ఇటు రండ్రా! మా బావ నన్ను గారూ అంతన్నాడు! అండీ అంతన్నాడు! బావా, ఏదీ, ఇంకోపాలి అను!"

పదిమంది నవ్వులు వినిపించాయి. నేను నవ్వలేదు. నవ్వకుండా ఉన్నాను, చాలాసేపు. ఆ నవ్వకపోవడం వాడికి వినబడిందనుకుంటాను. గొంతు తగ్గించాడు.

"బావా. నిజంగానేనేటి?"

"నిజం."

"నిజమే అనుకో. ఐతే మాత్రం నానేటి సెయ్యగలను? నీది బావమాట. గోడమీద రాసున్నాది కదా."

రాసి ఉంది. తలుపు పక్కన, మనిషెత్తున, ఎర్రక్షరాల్లో: 'బావ చెప్పినా బావమరిది చెప్పినా అది బావమాట. దాని మీద తలుపు తీయరాదు, తలుపు వేయరాదు, కూత వేయరాదు. వేరొకరి సాక్ష్యం ఉండవలెను.' సొరంగంలోకి వచ్చిన ఆరో ఏట, జ్యేష్ఠ మాసంలో ఒక బావ ఫోను చేసి వాన పడుతోంది రారా అన్నాడు. బావమరిది తలుపు బార్లా తీసి ఎదురు పరిగెత్తాడు. ఆ బావమరిదిని మోసుకొచ్చిన రోజు రాశారు అది. బావల్ని మాట్లాడకుండా ఆపలేరు కాబట్టి, మాట చెల్లకుండా చేశారు.

"ఇంకోలు సెప్పాల బావా," అన్నాడు తవిటినాయుడు. "ఒక్కలు సెప్పినా సాలు, కూత ఏసేస్తాను. నీ ఎంట ఎవులైనా ఉన్నారేటి?"

"ఒక తొండున్నాది."

నేననలేదు. నా నోరు అంది. నలభై ఏళ్ళుగా వాడు ఇలా ఖాళీ వదిలిన ప్రతిచోటా నా నోరు దూరి ఒక మాట పెడుతూనే ఉంది. ఇప్పుడూ పెట్టింది.

"సూసినావా!" అన్నాడు వాడు. అందులో నవ్వు లేదు. ఏడుపులాంటిది ఉంది. "సూసినావా బావా నువ్వు!"

పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

కడియం నలభై రెండు. ఎర్రచుక్క సగం రాయి వైపు కదులుతోంది. మిగతావాళ్ళకంటే కొంచెం ముందుంది. తొందరగా నడుస్తోంది. ఇసక కోసం.

నమోదు 7. ఉదయం 9:21

ఇంకో దారి ఉంది. దాని గురించి ఇందాక చెప్పలేదు. ఆలోచించకూడదనుకున్నాను.

పెట్టె అడుగున ఎర్ర మీట ఉంటుంది. దాన్ని నొక్కి మాట్లాడితే ఆ మాట నేరుగా సొరంగంలో మైకులన్నిట్లో వినబడుతుంది. బావమాటా కాదు, మామూలు మాటా కాదు. దాన్ని ఒప్పుకోలు అంటారు. కంబం మీద చెయ్యి వేశానని ఎవరైనా ఒప్పుకుంటే ఆ పొద్దుటి లెక్క రద్దు. లెక్క రద్దయితే కూత వేసి తీరాలి. సాక్ష్యం అక్కర్లేదు.

ఒప్పుకున్నవాడి చీటీ చింపేస్తారు. వాడు బతికినన్నాళ్ళు తలుపు దాటడు.

మీట నొక్కాను.

"ఒప్పుకోలు ప్రారంభమైనది," అంది పెట్టె. "విషయము తెలుపుడు."

"కంబానికి తడి గోనె కట్టింది నేను. యెన్ని దాలినాయుడిని. ఇరవై ఎనిమిది రోజులైంది. ఇవాళ్టి ముప్పై ఒకటి తప్పు. ఇక్కడ నలభై రెండు ఉంది. కూత వేయండి."

"శిక్ష తెలియునా?"

"తెలియును. కూత వెయ్యి."

"నేటి నమోదులలో అసత్యములున్నచో ఒప్పుకోలు చెల్లదు. ఉన్నచో తెలుపుడు."

ఈ షరతు మర్చిపోయాను. ఎప్పుడో ఎవడో అన్నని కాపాడ్డానికి తప్పుడు ఒప్పుకోలు చెప్పాడట, అప్పుడు పెట్టారు. నా చేతి కడియం పొద్దుటి నుంచి నా నడక, నా నాడి, అన్నీ పెట్టెకి చెబుతూనే ఉంది. దాన్ని మోసం చేయలేను.

"కొండముచ్చు నాకు నమస్కారం పెట్టలేదు. అసలు కొండముచ్చే లేదు."

"నమోదైనది. ఇంకను కలదు."

"మోకాళ్ళు బంగారం కాదు. మూడుచోట్ల కూర్చున్నాను. నీళ్ళు నిండుగా లేవు, బరువని సగమే పోసుకొచ్చాను. ఇప్పుడు నాలుగు గుక్కలున్నాయి. భయం లేదన్నాను, ఉంది. చాలా ఉంది."

"ఇంకను కలదు."

"చెప్పు తెగలేదు! రెండు చెప్పులూ బాగున్నాయి."

"మలుపు వద్ద నలువది నిమిషములు కదలకుండుటకు కారణము?"

"తలుపు తీశాక మా ఆవిడ బయటికి రావడం చూడాలని. కంటి పక్కనుంచి పడటం కాదు. కళ్ళు రెండూ పెట్టుకుని చూశాను. గడప దాటాక ఆమె ఆగింది. గొడుగు విప్పడం మర్చిపోయింది. పక్కనున్నావిడ గుర్తు చేసింది."

"నమోదైనది. ఇంకను కలదు."

"ఇంకేముందే!"

"ఇంకను కలదు."

నిజంగా నాకు తెలియలేదు. అబద్ధాలన్నీ అయిపోయాయి అనుకున్నాను. ఇప్పపువ్వు నిజం. గువ్వలు నిజం. గోనె నిజం, ఊట నిజం. మంచూ పులీ నిజంగా చేసినవే. కింద బారులో ముందున్న ఎర్రచుక్క సగం రాయి నీడకి చేరబోతోంది. రాయి దగ్గర రెండు నిమిషాలు ఆగి నీళ్ళు తాగుతారు, ఆ తర్వాత గట్టు వెనక్కి దిగుతారు. నేను పెట్టెని రెండు చేతులా పట్టుకుని కుదిపాను.

"ఎక్కడుందో చెప్పు. ఏ నమోదులో?"

"మూడవ నమోదు. సరదా అను మాట వద్ద నాడి మారినది."

సరదా. ఆ మాట నేను నాకే చెప్పుకున్నాను, ఇరవై ఎనిమిది రోజులుగా. అందుకే వెతికినా దొరకలేదు.

"సరదాకి కట్టలేదు," అన్నాను. సొరంగంలో మూడొందల మంది వింటున్నారని తెలుసు. "తవిటినాయుడు పరిగెత్తడం చూడ్డానికి కాదు. పారమ్మకి వానాకాలంలో జ్వరమొచ్చింది. లేచాక గోడ పట్టుకుని నడుస్తోంది. వాళ్ళ నాన్న ఏటి ఇసకలో పుచ్చకాయలు పండించేవాడు. చిన్నప్పుడు ఆ ఇసకలో పాదాలు పూడ్చుకుని ఆడుకునేదట. ఒకరోజు దీపం ఒత్తి సర్దుతూ, నాతో కూడా కాదు, ఊరికే అంది, 'ఒక్కపాలి ఇసకలో కాళ్ళెట్టాలని ఉన్నాది' అని. చలికాలమంతా అరడిగ్రీ, ఒక డిగ్రీ అడ్డమొచ్చింది. ఇవాళ ఆమె వంతు వచ్చేదాకా ఉంచుదామని గోనె కట్టాను. అందుకోసం కట్టాను. అంతే. ఇంకేమీ లేదు. కూత వెయ్యండి."

నేను ఊపిరి లెక్కపెట్టుకున్నాను. మూడు.

"ఒప్పుకోలు చెల్లినది," అంది పెట్టె.

నమోదు 8. ఉదయం 9:33

కూత ఇక్కడికి ఆలస్యంగా వచ్చింది. ముందు ఇంజను మీద లేచిన పొగలాంటి ఆవిరి కనబడింది, తర్వాత చప్పుడు. వాడు గొలుసు పట్టుకుని వదల్లేదు. ఆపకుండా లాగుతూనే ఉన్నాడు. కొండ అదిరింది.

తెల్లచుక్కలు ఆగాయి. ఒకటి రెండు వెనక్కి తిరిగాయి. తర్వాత అన్నీ.

ఎర్రచుక్క తిరగలేదు. రాయి దాటి గట్టు అంచున ఉంది. అక్కడి నుంచి ఏరు కనబడుతుంది. ఇసక కనబడుతుంది.

నేను అరిచాను. ఇంత దూరం నుంచి అరుపు వెళ్ళదని తెలుసు. అయినా అరిచాను. పారమ్మా అని కాదు, పెళ్ళైన కొత్తలో ఏడిపించడానికి పెట్టిన పేరు పెట్టి. అది ఇక్కడ చెప్పను. పెట్టె విన్నది, దాని దగ్గర ఉండనీ.

ఒక తెల్లచుక్క వెనక్కి వెళ్ళి దాని పక్కన నిలబడింది. అప్పుడు తిరిగింది.

నమోదు 9. సాయంత్రం 4:40

కంబం కింద చిన్న రాతి గది ఉంది. వడగాలి తగ్గేదాకా అందులోనే ఉన్నాను. ఊట దగ్గర నోరు పెట్టి తాగాను. ఊటలో నీరు సన్నగా ఉంది, తాగుతూ, ఆగుతూ, తాగుతూ గడిపాను. గోనె తడిపి తలమీద కప్పుకున్నాను. పన్నెండుకి కంబం నలభై ఆరు అని చెప్పింది. అప్పటికి దాని మాట ఎవరికీ అక్కర్లేదు.

పదకొండుకి ఫోను మోగింది.

"బావా."

"సెప్పరా."

"వొచ్చేసినారు. ఇరవై ముగ్గురు. ఇద్దరు పడిపోయినారు గానీ, నీల్లు తాగించినాం, లేసి కూకున్నారు."

"సరిగ్గా లెక్కెట్టినావా?"

"మూడుపాలులు ఎట్టినాను. తవిటినాయుడు పరిగెడతాడని మైకులో సెప్పినావు కదా. అందరూ నన్నే సూస్తన్నారు, తప్పిపోకూడదని."

"మీ అక్క?"

"బాగానే ఉన్నాది. అంతా ఇన్నాది. నాను సెప్పినాను, అందరూ సెప్పినారు."

"ఏటంది?"

"ఏటీ అన్లేదు. ఏ గోనె, మనింట్లో ఉలిపాయల గోనేనా, అని అడిగినాది."

"అవునను."

"అవుననే సెప్పినాను. నెల్లాళ్ళ నుంచి ఆ గోనె కోసం ఎతుకుతున్నాదంట. బావా, నీ సీటీ... పెద్దలు ఇప్పుడే..."

"తెలుసులేరా."

"నాను రద్దు సెయ్యొద్దని అడుగుదారనుకున్నాను. కానీ..."

"బావమాట సెల్లదు కదా," అన్నాను. ఇద్దరం నవ్వాం. వాడు ముందు ఆపేశాడు.

ఇప్పుడు గాలి తిరిగింది. కడియం ముప్పై ఎనిమిది. దిగుతాను. ఇది నా చివరి దిగుడు కాబట్టి నెమ్మదిగా దిగుతాను. దారిలో మూడుచోట్ల కూర్చుంటాను, ఈసారి మోకాళ్ళ కోసం కాదు. గోనె చంకలో ఉంది. ఇంట్లో ఇవ్వాలి.

ఒక్క విషయం నమోదు చేయాలి. పదిన్నరకి బారు తలుపు చేరింది. ఒక్కొక్కరే గొడుగు ముడిచి లోపలికి వెళ్ళారు. పారమ్మ అందరికంటే ఆఖరున ఉంది. గడప దగ్గర ఆగి, కొండ వైపు తిరిగి, నన్ను చూసి చెయ్యి ఊపింది.

నమోదుల్ని చెరిపేసే హక్కు నాకు ఇప్పుడు లేదు. ఉన్నా చెరపను. అబద్ధం చెప్పకుండా రోజు ముగించడం ఎలా ఉంటుందో ఒకసారి చూద్దామని, పెట్టె అడగకపోయినా మిగిలినవి చెప్పేస్తున్నాను.

మేష్టారి గొడుగులో తొండని పెట్టలేదు. ఆ ఏడు ఎండలకి బడి మూసేశారు, అందరితోపాటు నేనూ మానేశాను. నలభై ఏళ్ళుగా చెప్పీ చెప్పీ నా నాడికి కూడా అది నిజమైపోయింది. అందుకే పెట్టె పట్టుకోలేదు.

ఫోనులో చెప్పిన తొండ మాత్రం నిజం. కంబం మీదే ఉంది. ఇప్పటికీ ఉంది.

పారమ్మ చెయ్యి ఊపిందన్నది కల్పించాను. అంత దూరం నుంచి చెయ్యి కనబడదు. నన్ను చూసిందో లేదో కూడా తెలియదు. కనబడింది ఇంతే: అందరూ లోపలికి వెళ్ళాక ఎర్రచుక్క గడప దగ్గర ఆగింది. తర్వాత ఎర్రచుక్క లేదు, తలుపు మాత్రం మూతపడలేదు. గొడుగు ముడిచేసి, ఆ ఎండలో ఆమె కాసేపు నిలబడింది.